మా గదిలో పొడిరంగు

పోయిన నెల సంఘం సమావేశంలో టీలు తాగుతూండగా యెవరో నా సంగతి యెత్తారు. "ఈయన కారు సామాన్లకు యింట్లోనే రంగు కాలుస్తాడట" అన్నారు. అంతే, కుర్రవాళ్ళు నలుగురు నా చుట్టూ మూగారు. పొయ్యి యెంతకు కొన్నారు, పొడి యెక్కడ దొరుకుతుంది, మేమూ చేసికోవచ్చునా అని ప్రశ్నలమీద ప్రశ్నలు. నాలుగు ముక్కలు చెప్పి బయటపడ్డాను. ఇంటికి వచ్చాక, ఆ నాలుగింటిలో అసలు ముక్క లేదే అని మనసు పీకింది. అందుకని ఇది వ్రాస్తున్నాను. మంచి చెప్పి చెడు మింగేయడం లోకంలో అందరికీ ఉన్న అలవాటే, నాకూ ఉంది. కాని ఈ విషయంలో మింగితే పాపం తగులుతుంది.

మాది ఫోరస్ రోడ్. ఆ మాట అనగానే యెదుటివారి కనుబొమలు లేవడం మా యింట్లో మూడు తరాలుగా చూస్తున్నదే. పోర్చుగీసు భాషలో 'ఫోరో' అంటే కౌలు. కౌలుకిచ్చిన పల్లపు నేలలకు ఆ పేరు, వాటిమీదుగా పోయిన బాటకూ ఆ పేరే. ఇప్పుడు కాగితాలమీద ఆర్. ఎస్. నిమ్కర్ మార్గ్ అని వ్రాస్తారు. ఈ ఊరు కట్టడానికి నిజాం సీమనుంచి వచ్చిన కామాఠీలు మనవాళ్ళే, పక్కనున్న కామాఠిపుర వాళ్ళ పేరే. మా తాత పాలమూరునుంచి తాపీ పట్టుకొని వచ్చాడు. నాయిన టాక్సీ స్టీరింగు పట్టాడు. నేను రంగుల పిస్తోలు పట్టాను.

మా చాల్‌లో మా గది పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు. అందులో నేను, మా ఆవిడ, కొడుకు, కోడలు, రెండేళ్ళ మనవరాలు. నీళ్ళ పంపు, మరుగుదొడ్లు వసారా చివర, అందరికీ కలిపి. గది ముందరి వసారా పేరుకు మాదే గాని, ఆ అంతస్తులోని పదకొండు కుటుంబాలదీను. ఈ కొలతలు పాఠకులు గుర్తుంచుకోవాలి. కథంతా వీటిమీదనే నడుస్తుంది.

సాకీనాకాలో ఒక చిన్న కార్ఖానాలో ఇరవై రెండేళ్ళు పౌడర్ కోటింగ్ పని చేశాను. మా యింట్లో దాన్ని పొడిరంగు అంటాం. మామూలు రంగులో పలచన చేసే నూనె ఉంటుంది, అది ఆరిపోతే రంగు మిగులుతుంది. పొడిరంగులో ఆ నూనె ఉండదు. జిగురు పదార్థమూ, రంగూ, గట్టిపరచే మందూ కలిపి కరిగించి, చల్లార్చి, మెత్తగా దంచిన పిండి అది. పిస్తోలు లోంచి ఆ పిండి వచ్చేటప్పుడు అరవైనుంచి వంద కిలోవోల్టుల విద్యుత్తు దానికి అంటుకుంటుంది. వస్తువుకు ఎర్తు తీగ తగిలించి వ్రేలాడదీస్తాం. తల దువ్వుకొన్న దువ్వెన కాగితం ముక్కలను లాగినట్టు, ఇనుము ఆ పిండిని తనమీదికి లాక్కొంటుంది. తరువాత నూటయెనభై, రెండు వందల డిగ్రీల వేడిలో పెట్టాలి. లోహం ఆ వేడికి చేరాక పది పదిహేను నిమిషాలుంటే పిండి కరిగి, పరచుకొని, గట్టిపడి, ఒకే చర్మమవుతుంది. మందం అరవై, యెనభై మైక్రాన్లు, అంటే ఇంచుమించు ఒక వెంట్రుకంత.

ఇది మన ఆడవాళ్ళకు తెలియని విద్య కాదు. కొత్త ఇనప పెనానికి నూనె రాసి, కాల్చి, మళ్ళీ రాసి, మళ్ళీ కాల్చి నల్లటి నిగ నిగ తెప్పించేది మా అవ్వ. నూనె వేడికి గట్టిపడి ఇనుమును పట్టుకొంటుంది. పొడిరంగూ దానికి తమ్ముడే. 1950ల మొదట్లో ఎర్విన్ గెమ్మర్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు దీనికి మొదటి దారి కనిపెట్టాడు. ఆయనకు పిస్తోలు లేదు. అడుగునుంచి గాలి ఊదితే పొడి నీళ్ళలా ఉబికి కదులుతుంది. అందులో కాలిన వస్తువును ముంచి తీసేవాడు. పిస్తోళ్ళు 1960లలో వచ్చాయి. గెమ్మరుగారి ఈ పాత పద్ధతే తరువాత నాకు అక్కరకు వచ్చింది.

ఇక కారు సంగతి. కుర్లాలో వాల్‌చంద్ హీరాచంద్ గారి ప్రీమియర్ ఆటోమొబైల్స్‌లో తయారైన ఫియట్‌ను మీలో యెక్కనివారుండరు. 1964లో అది ఫియట్ 1100 డిలైట్, 1972లో ప్రీమియర్ ప్రెసిడెంట్, 1974నుంచి పద్మిని. నలుపు పసుపు పద్మినిలో పురిటికి వెళ్ళినవాళ్ళూ, అందులోనే బిడ్డనెత్తుకొని తిరిగివచ్చినవాళ్ళూ మన సంఘంలో యెందరో. ముంబయిలో చిట్టచివరి పద్మిని టాక్సీ నమోదైనది 2003 అక్టోబరు 29న. ఇరవై యేళ్ళ గడువు తీరి 2023 అక్టోబరు 30నుంచి ఆ బండ్లు టాక్సీలుగా రోడ్డుమీద లేవు. ఆ రోజు మా అన్న కొడుకు కళ్ళనీళ్ళు పెట్టుకొన్నంత పని చేశాడు. నెల తిరగకుండా ఒక పాత సొంత పద్మినిని వెతికి కొని తెచ్చాడు.

"చిన్నాయినా, పెద్ద పని గ్యారేజీవాళ్ళు చేస్తరు. చిన్న సామాను నువ్వు చెయ్. నీ చెయ్యి పడితే ఇంకో ఇరవై యేండ్లు తుప్పు పట్టది" అన్నాడు. పనిలోంచి దిగి రెండేళ్ళయింది. పొగడ్తకు పడిపోవడానికి ఆ మాట చాలు. 2024 ఫిబ్రవరిలో ఒక సంచీనిండా సామాను తెచ్చి పడేశాడు. బానెట్‌ను నిలబెట్టే కడ్డీ, బ్యాటరీని బిగించే పట్టీ, పక్క అద్దం కాడ, వైపరు చేతులు, నంబరు పలక పట్టీలు. బ్రేకుకూ స్టీరింగుకూ సంబంధించినది మాత్రం ఒక్కటీ తేవద్దన్నాను. ప్రాణానికి సంబంధించిన సామానును ఇంటి పొయ్యిలో కాల్చకూడదు.

చోర్ బజారులో ఒక పాత కరెంటు ఓవెన్ కొన్నాను. మా ఆవిడ దాన్ని చూసి కేకు చేసుకోవచ్చునని సంబరపడింది. రంగు కాల్చిన పొయ్యిలో మళ్ళీ తిండి వండగూడదని చెప్పేసరికి ముఖం ముడుచుకొంది. "గట్లయితే అది నా యింట్ల యెందుకు?" అంది. ఆ ప్రశ్నకు అప్పుడే జవాబు వెతికి ఉంటే ఈ వ్యాసం వ్రాసే పని ఉండేది కాదు.

మొదటి రోజు ఓవెన్ మీట నొక్కగానే ఫ్యూజు పోయింది. పాత తీగలు, రెండు వేల వాట్ల బరువు మోయలేక మా గదితోబాటు పక్క రెండు గదులూ చీకటిలో పడ్డాయి. క్రికెట్ చూస్తున్నవాళ్ళు నన్ను తిట్టిన తిట్లు మూడు భాషల్లో ఉన్నాయి. కరెంటు మనిషిని పిలిచి వేరే తీగ లాగించాను. రెండో రోజు చిన్న పిస్తోలు అద్దెకు తెచ్చి వసారాలో అట్టపెట్టె నిలబెట్టి, అందులో కడ్డీని వ్రేలాడదీసి నల్లపొడి కొట్టాను. కార్ఖానాలో పొడిని లాగేసే పంకా ఉంటుంది. ఇక్కడ ఉన్నది అరేబియా సముద్రపు గాలి. పొడిలో సగం కడ్డీమీదికి పోయింది, సగం పక్కింటి పెద్దమ్మ ఆరబెట్టుకొన్న వడియాలమీదికి పోయింది.

"ఏందిరా అయ్యా, బియ్యప్పిండి వడియాలు బొగ్గులైనయ్. గివి యెవరు తింటరు?" అని పెద్దమ్మ జల్లెడ తెచ్చి నా ముందు పెట్టింది. కిలో బియ్యప్పిండి, నువ్వులు, జీలకర్ర కొని ఇచ్చుకొన్నాను. వడియాల సంగతి అలా ఉంచండి. మెత్తని పొడి గాలిలో మబ్బులా లేచినప్పుడు పక్కన గ్యాసు పొయ్యి వెలుగుతూ ఉంటే భగ్గుమనగలదు. పదకొండు వంటిళ్ళున్న వసారాలో నేను చేసిన పని అది. పిస్తోలు ఆ సాయంత్రమే తిరిగి ఇచ్చేశాను.

అప్పుడు గెమ్మరుగారు గుర్తుకు వచ్చారు. మా అంతస్తులో ఒక పిల్లవాడికి చేపల తొట్టి ఉంది. దానికి గాలి ఊదే చిన్న యంత్రం అడిగి తెచ్చుకొన్నాను. ఒక ప్లాస్టిక్ డబ్బాకు అడుగునుంచి కాస్త పైగా దట్టమైన వడకట్టు గుడ్డ బిగించి, దానిమీద పొడి పోసి, గుడ్డకింది ఖాళీలోకి గాలి పెట్టాను. పొడి పొంగింది. వేలు పెడితే పాలలో పెట్టినట్టే ఉంది. సామానును ఓవెన్లో కాచి, కొక్కెంతో పట్టుకొని, ఒక్క క్షణం ముంచి తీసి, దులిపి, మళ్ళీ ఓవెన్లో పెడితే సరి. పిస్తోలుతో ఒక ఇబ్బంది ఉంది. విద్యుత్తు అంచులమీద పోగవుతుంది గనుక లోపలి మూలల్లోకి పొడి సరిగా పోదు. ముంచే పద్ధతిలో ఆ బాధ లేదు, మబ్బు కూడా బాగా తక్కువ. చేపల వేటకు సీసపు గుండ్లకు రంగు వేసుకొనేవాళ్ళు విదేశాల్లో యిళ్ళల్లో ఇలాగే చేస్తారు.

బ్యాటరీ పట్టీ మొదట బయటికి వచ్చింది. చల్లారాక గోరుతో గీకి చూశాను, గీత పడలేదు. నిజం చెప్పాలంటే, ఇరవై రెండేళ్ళలో వేలాది ఫ్యాను జాలీలకు, బీరువా తలుపులకు రంగు కొట్టినప్పుడు కలగని ఆనందం ఆ జానెడు పట్టీని చూసి కలిగింది. కార్ఖానాలో వస్తువు సేటుది, కొలత సేటుది, గడియారం సేటుది. ఇది నాది. మనవరాలు పక్కన కూర్చొని చప్పట్లు కొట్టింది.

ఇక్కడిదాకా కుర్రవాళ్ళకు చెప్పాను. చెప్పనిది ఇప్పుడు చెబుతాను.

నాయిన టాక్సీ తుక్కుకు పోయిన రోజున ఆయన ఒక్కటే విప్పి తెచ్చుకొన్నాడు. ఎడమవైపు బయట మీటరును మోసే ఇనప బ్రాకెట్టు. ఆయన పోయిన తరువాత కూడా అది అటకమీద గుడ్డలో చుట్టి ఉంది. దాన్ని తన పద్మినికి బిగిస్తానని అన్న కొడుకు అడిగాడు. ప్రతి దసరాకు బండి కడిగి, బంతిపూలు కట్టి, కొబ్బరికాయ కొట్టే ముందు నాయిన ఆ బ్రాకెట్టుకు స్వయంగా ఒక పూత పసుపు ఎనామెల్ వేసేవాడు. అలా యెన్నో దసరాలు. పూతమీద పూత పడి అంచులు గుండ్రమై పోయాయి.

పొడిరంగు వేయాలంటే కింద నగ్నమైన లోహం ఉండాలి. నూనె గాని, తుప్పు గాని, పాత రంగు గాని మిగిలితే పైది నిలవదు. కార్ఖానాలో ఏడు తొట్ల పద్ధతి ఉంటుంది. జిడ్డు తీయడం, కడగడం, తుప్పు తీయడం, కడగడం, ఫాస్ఫేటు పట్టించడం, కడగడం, చివరి మందు. కాని అక్కడికి వచ్చేది అంతా కొత్త రేకు. పాత రంగు గీకే పని నా బ్రతుకులో యెప్పుడూ పడలేదు. అంచేత నా అనుభవం నన్ను హెచ్చరించలేదు.

వారం రోజులు, మధ్యాహ్నం పూట, గది మధ్య గచ్చుమీద పాత పేపరు పరచి ఎమరీ కాగితంతో ఆ బ్రాకెట్టును పొడిపొడిగా రుద్దాను. ఒక్కొక్క పూత ఊడుతూంటే ఒక్కొక్క దసరా గుర్తుకు వచ్చేది. ఈ పసుపు నేను పదో తరగతి తప్పిన యేడు, ఆ పసుపు అక్క పెళ్ళి యేడు అనుకొంటూ నాలో నేనే కథలు చెప్పుకొన్నాను. పసుపు దుమ్ము గచ్చుమీద పడేది. మా ఆవిడ చీపురుతో ఊడ్చేది. మనవరాలు అదే గచ్చుమీద పాకేది, ఆడేది, వేళ్ళు నోట్లో పెట్టుకొనేది.

జూన్‌లో పిల్లకు ఒంట్లో సరిగా లేకపోయింది. ముఖం పాలిపోయింది, అన్నం సయించదు, ఊరికే చిరాకు. కోడలు దగ్గరలోని ఆసుపత్రికి తీసికొని పోయింది. రక్తం తక్కువుందన్నారు. ఆ డాక్టరమ్మ ఊరుకోక ప్రశ్నలు వేసింది. ఇంట్లో బ్యాటరీ పని చేసేవాళ్ళున్నారా, పాత గోడ రంగుగాని, ఇనుముమీది రంగుగాని యెవరైనా గీకారా? కోడలు ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"మామయ్యా, తాత బ్రాకెట్టు రంగు యేం రంగు? అండ్ల సీసం ఉంటదా?"

పసుపు ఎనామెల్‌లో లెడ్ క్రోమేట్ ఉండేదని రంగుల పనిలో ఇరవై రెండేళ్ళున్న మనిషికి తెలియదా? తెలుసు. ఆ పసుపుకు అంత వెలుగు వచ్చేది సీసంవల్లనే. తెలిసిన సంగతి వేరు, గచ్చుమీద కూర్చొన్నప్పుడు గుర్తుకు వచ్చే సంగతి వేరు. నేను జవాబు చెప్పలేదు. నా ముఖం చూసి కోడలికే తెలిసింది. ఆమె ఒక్క మాట అనలేదు. పిల్లను ఎత్తుకొని అమ్మగారింటికి, పరేల్‌కు వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండునని ఆ రాత్రి అనుకొన్నాను.

రక్తంలో సీసం పరీక్ష చేయించాం. డెసీలీటరుకు తొమ్మిది మైక్రోగ్రాములు. అయిదు గాని అంతకు మించి గాని ఉంటే అది యెక్కడనుంచి వస్తున్నదో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. ఇంతవరకు ఉంటే ఫరవాలేదనే హద్దు సీసానికి లేదు. పెద్దవాళ్ళు మింగిన సీసంలో పదోవంతు ఒంటికి పడితే, పసిపిల్లలకు ఇంచుమించు సగం పడుతుంది. అది రక్తాన్ని తగ్గిస్తుంది, ఎముకల్లో దాక్కుంటుంది, ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది. తొమ్మిది అంటే ఆసుపత్రిలో మందులెక్కించే స్థితి కాదని, సీసం తగలకుండా చూస్తే తగ్గుతుందని డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. ఇనుము మందు వ్రాసింది, పాలు, ఆకుకూరలు బాగా పెట్టమంది. ఒంట్లో ఇనుమూ కాల్షియమూ తక్కువైతే సీసం ఎక్కువ పడుతుందట.

మా ఆవిడా నేనూ నాలుగు రోజులు గదిని కడిగాం. చీపురు పెట్టకూడదు, దుమ్ము మళ్ళీ లేస్తుంది. సబ్బునీళ్ళ గుడ్డతో తుడవడం, ఆ గుడ్డలు మూటగట్టి పారేయడం, మళ్ళీ శుభ్రమైన నీళ్ళతో తుడవడం. అటక, మంచం కింద, గచ్చు పగుళ్ళు, బొంతలు, ఏదీ వదలలేదు. తుడుస్తూ తుడుస్తూ మా ఆవిడ అంది: "మామయ్య బండి నడిపి మనకు అన్నం పెట్టిండు. ఆయన రంగు మనకు శాపమెట్లయితదయ్యా? దాన్ని గీకి పిల్ల ముందు పోసింది నువ్వు." అంతకంటె న్యాయమైన తీర్పు ఏ కోర్టులోనూ చెప్పరు.

నాయిన కాలంలో సీసం రంగులోనే కాదు, పెట్రోలులోనూ ఉండేది. 2000నుంచి దేశమంతటా సీసంలేని పెట్రోలే అమ్ముతున్నారు. అంతకు ముందు ఫోరస్ రోడ్ పొగలో పెరిగిన మా తరం యెంత పీల్చిందో యెవరూ కొలవలేదు. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల్లో తొంభై భాగాలు మించకూడదన్న నియమం 2017 నవంబరు 1నుంచి అమలులోకి వచ్చింది. అది ఇంటి రంగులకు, అలంకారపు రంగులకు మాత్రమే చెప్పిన నియమం. కార్ఖానాల్లో వాడే రంగులు కొనేటప్పుడు మనమే అడిగి తెలుసుకోవాలి.

ఆ ఓవెన్‌ను కోడలు తిరిగి రాకముందే గదినుంచి దింపాను. సగం గీకిన బ్రాకెట్టును రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, నేను పనిచేసిన చోటికే తీసికొనిపోయాను. అక్కడ పాత రంగును మందులో నానబెట్టి తడిగానే ఊడదీశారు. సీసం లేదని డబ్బామీద వ్రాసి ఉన్న పసుపు పొడి తెప్పించి, పిస్తోలు నేనే పట్టుకొన్నాను. లోపలి మూలలో కాస్త పలచనైంది. నాకు తప్ప యెవరికీ కనబడదు.

కోడలు మూడు వారాలకు తిరిగి వచ్చింది. గుమ్మం దాటేముందు వంగి గచ్చుమీద వేలితో రాసి చూసుకొంది. అది చూసి నాకు కోపం రాలేదు. నాలుగు నెలల తరువాత, అక్టోబరులో, పిల్ల రక్తంలో సీసం ఆరు. 2025 ఫిబ్రవరిలో నాలుగు. ఆ తగ్గడంలో నా గొప్ప ఏమీ లేదు. ఒక డాక్టరమ్మ ప్రశ్న వేసింది, ఒక తల్లి ఆ ప్రశ్నను ఇంటిదాకా మోసుకువచ్చింది.

కనుక కుర్రవాళ్ళకు నేను చెప్పేది ఇది. చిన్న సామానుకు పొడిరంగు చేసికోవచ్చు. కొత్త లోహమైతే, విడిగా గాలి ఆడే షెడ్డు ఉంటే, మూతికి మంచి మాస్కు ఉంటే, తిండికి వాడని ఓవెన్ ఉంటే, మంట దూరంగా ఉంటే హాయిగా చేసికోండి. మంచి సరదా. పాత రంగున్న సామానైతే, అది నలుపైనా పసుపైనా, సీసం ఉన్నదనే అనుకోండి. దాన్ని ఇంట్లో గీకవద్దు, పొడిగా అసలే గీకవద్దు, కాల్చి ఊడదీయవద్దు. పని చేసిన బట్టలతో పిల్లలను ఎత్తుకోవద్దు. పది పన్నెండు అడుగుల గదిలో మన చేతిపని మనదొక్కరిదే కాదు. గాలి అందరిదీ. గచ్చు మాత్రం పాకేవాళ్ళది.

2024 దసరాకు బ్రాకెట్టు పద్మినికి ఎక్కింది. అన్న కొడుకు బంతిపూల దండ కట్టాడు. కొబ్బరికాయ కొట్టాం. మనవరాలు తన నాయిన చంకలోంచి వంగి ఆ పసుపును అరచేత్తో తాకింది. నా గుండె ఒక్కసారి ఆగినంత పనైంది. అది కొత్త రంగే, సీసంలేనిదే, నా చేత్తో వేసిందే. అయినా సరే, కొంగు తడిపి ఆ చిన్న చెయ్యి తుడవమని మా ఆవిడకు చెప్పాను. నేను చెప్పేలోపలే ఆమె తుడుస్తోంది.